భివండి చుట్టూ కోటలు – సైకిలు మీద ఒకరోజు దారి



భివండి పేరు చెప్పగానే మనవాళ్లకు ముందుగా వినిపించేది సాంచాల చప్పుడు. మరమగ్గం అని పుస్తకాల్లో రాసినా, సిరిసిల్లలోనూ భివండిలోనూ నేతపనివారి నోట అది సాంచానే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు పద్మనగర్, కామత్‌ఘర్ వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడే చదివారు. అయినా చాలా ఇళ్లలో భివండి అంటే కార్ఖానా, గది, బజారు, స్టేషను. ఊరి పొలిమేర దాటితే ఏముందో చూసినవారు తక్కువ. ముప్ఫై ఏళ్లు ఉన్న చోటును కూడా “పరాయి ఊరు” అనే అంటాం.

ఆ ఊరి చుట్టూ ఉన్న మైదానం మీదుగా, ఇంట్లో ఉన్న మామూలు సైకిలు మీద, ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన కోటలను గురించి ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. ఏ కోట ఎవరు కట్టారన్నది ఒక్కటే తెలుసుకుంటే చాలదు. ఆ కోట అక్కడే ఎందుకు ఉందన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. దానికి జవాబు దొరికితే, భివండిలో మగ్గం ఎందుకు ఆడుతోందో, మనం ఇక్కడికి ఎందుకు వచ్చామో కూడా కొంత బోధపడుతుంది.

ముందు నేల సంగతి. భివండికి తూర్పున సహ్యాద్రి కొండలు, పడమట అరేబియా సముద్రం. ఈ రెంటి మధ్య ఉన్న పల్లపు నేలే ఉత్తర కొంకణం. వానాకాలంలో కుండపోతగా కురుస్తుంది కాబట్టి ఎటు చూసినా వరిమళ్లు, మధ్య మధ్య గుట్టలు. సముద్రపు నీరు ఉల్హాస్ నది ముఖం నుంచి లోపలికి చొచ్చుకువస్తుంది. దాన్నే ఖాడీ అంటారు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. పోటు వచ్చినప్పుడు పడవలు నీటితోపాటే లోపలికి వచ్చి కల్యాణ్, భివండి రేవులకు చేరేవి. అక్కడ సరుకు దింపి ఎడ్ల మీదకు ఎక్కించి, కనుమల గుండా దక్కను పీఠభూమికి తోలేవారు. పైనుంచి బట్ట, ధాన్యం దిగేవి.

సరుకు బండి మారే చోట సుంకం వసూలవుతుంది. సుంకం వసూలయ్యే చోట కాపలా కావాలి. కాపలా ఉన్న చోట గోడ లేస్తుంది. భివండి చుట్టూ ఉన్న కోటలను అర్థం చేసుకోవడానికి ఈ మూడు మాటలు చాలు. దూరం నుంచి చూస్తే అవి ఎక్కడపడితే అక్కడ చల్లినట్టు ఉంటాయి. సైకిలు మీద ఒకదాని నుంచి ఇంకొకదానికి పోతే, అన్నీ ఒక నీటి దారినో కనుమ దారినో కాస్తున్నాయని తెలుస్తుంది.

మన పెద్దలు కోటలను జలదుర్గం, స్థలదుర్గం, గిరిదుర్గం, వనదుర్గం అని విభజించారు. తెలుగునేల మీద ఓరుగల్లు మట్టికోట స్థలదుర్గం, భువనగిరి గిరిదుర్గం. సిరిసిల్ల నుంచి కరీంనగర్ పోయేవారికి మానేరు ఒడ్డున గుట్ట మీద ఎలగందుల కోట కనిపిస్తుంది. భివండి చుట్టూ కూడా ఈ రకాలు ఉన్నాయి. ఒక్కో దిక్కుకు ఒక్కో సెలవురోజు కేటాయించుకుంటే అన్నీ చూడవచ్చు.

మొదటి ప్రయాణానికి దగ్గరిది దుర్గాడీ కోట. భివండి నుంచి కల్యాణ్ పోయే దారిలో ఖాడీ వంతెన దాటగానే, నీటి ఒడ్డున చిన్న మెరక మీద ఉంటుంది. పది పన్నెండు కిలోమీటర్లు, గంట ప్రయాణం. 1657లో శివాజీ కల్యాణ్, భివండి పట్టణాలను బీజాపూర్ సుల్తానుల నుంచి గెలుచుకున్నాడు. ఆ తర్వాత ఈ ఖాడీలోనే ఓడలు కట్టించడం మొదలుపెట్టాడు. మరాఠా నౌకాదళానికి పునాది పడింది ఈ నీటిలోనే. ఇప్పుడు అక్కడ పెద్ద గోడలేమీ లేవు. దుర్గాదేవి గుడి, ఈద్గా ఉన్నాయి. కొత్తవారికి ఇది చిన్న కోటలా తోస్తుంది. గట్టు మీద నిలబడి ఖాడీ వంపు చూడండి. వచ్చే పడవ ఏదీ అక్కడి కాపలాదారు కంటపడకుండా పోలేదు.

రెండోది పడమట ఉన్న వసై. భివండి నుంచి ఖార్‌బావ్, కామన్, చించోటి మీదుగా నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈ కోటకు మూడు వైపులా నీరే. 1534లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా ఈ ప్రాంతాన్ని పోర్చుగీసువారికి ఇచ్చాడు. వారు దీన్ని తమ ఉత్తర ప్రాంతానికి రాజధాని చేసుకుని 205 ఏళ్లు ఉన్నారు. సముద్రం వైపు ఒక ద్వారం, నేల వైపు ఒక ద్వారం. లోపల ఒక పట్టణమే ఉండేది. కప్పులు పోయిన చర్చిల గోడలు, తోరణాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1597లో జపాన్‌లోని నాగసాకిలో ప్రాణాలర్పించిన గొన్సాలో గార్సియా ఈ వసైలో పుట్టినవాడే. భారతదేశంలో పుట్టి క్రైస్తవ పునీతుడైన మొదటి వ్యక్తి ఆయన.

1739లో పీష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా నెలల తరబడి ముట్టడించి ఈ కోటను గెలిచాడు. కోటలోని చర్చి గంటలను మరాఠా సర్దారులు తీసుకుపోయి గుళ్లలో కట్టారు. నాసిక్‌లో గోదావరి ఒడ్డున నారోశంకర్ గుడిలో మోగే పెద్ద గంట అటువంటిదే. మన రాజమండ్రి దాకా పారే గోదావరికి, వసై సముద్రానికి మధ్య ఈ కంచు ఒక చుట్టరికం కలిపింది. తర్వాత 1780లో ఇంగ్లీషువారు కోటను పట్టుకున్నారు. 1782 సాల్బాయి ఒప్పందంతో మరాఠాలకు తిరిగి ఇచ్చారు. 1802 డిసెంబరు 31న రెండో బాజీరావు ఇంగ్లీషువారి సైన్య సహాయానికి ఒప్పుకుంటూ సంతకం చేసింది కూడా ఈ వసైలోనే. ఆ సంతకంతో పీష్వాల స్వతంత్రం దాదాపు ముగిసింది.

వసై దాకా పోయినవారికి ఓపిక ఉంటే, అక్కడికి దగ్గరలోనే నాలాసోపారా ఉంది. అక్కడి మట్టి దిబ్బను చుట్టుపక్కల జనం “బురుడ్ రాజు కోట” అనేవారు. బురుడ్ అంటే మేదరి, బుట్టలు అల్లేవారు. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ తవ్వి చూస్తే అది కోట కాదు, బౌద్ధ స్తూపం అని తేలింది. అశోకుని శిలాశాసనం ముక్క కూడా ఆ ఊళ్లోనే దొరికింది. ప్రాచీన శూర్పారక రేవు ఇదే.

మూడో దిక్కు ఉత్తరం. భివండి నుంచి వాడా పోయే రోడ్డులో అంబాడీ దాకా పోయి పడమటికి తిరిగితే వజ్రేశ్వరి. మొత్తం పాతిక ముప్ఫై కిలోమీటర్లు. వసై ముట్టడికి ముందు చిమాజీ అప్పా ఈ దేవికి మొక్కుకున్నాడనీ, గెలిచాక గుడి కట్టించాడనీ చెబుతారు. ఇది గుడే అయినా దూరం నుంచి చూసేవారికి కోటలాగే ఉంటుంది. చుట్టూ రాతి గోడ, ముందు నగారాఖానా, పైకి 52 రాతి మెట్లు. పక్కనే తాన్సా నది. గణేశ్‌పురి, అక్లోలి దగ్గర నేలలోంచి గంధకపు వాసనతో వేడినీరు ఊరుతుంది. ఇక్కడి నల్లరాయి ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట పారిన లావా. దాని పగుళ్ల గుండా లోతుకు దిగిన నీరు వేడెక్కి మళ్లీ పైకి వస్తుంది. సైకిలు తొక్కి వచ్చిన కాళ్లకు ఆ నీరు ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ దారిలోనే దుగాడ్ అనే పల్లె ఉంది. 1780 డిసెంబరులో ఇక్కడ ఇంగ్లీషు దళాలకు, మరాఠాలకు మధ్య పోరు జరిగి మరాఠా సేనాని రామచంద్ర గణేశ్ మరణించాడు. ఆ ఊరి వెనక అడవి కొండ మీద ఉన్న గుమ్‌తారా, కామన్ దగ్గరి కామన్‌దుర్గ్ వనదుర్గాలు. వాటి కిందిదాకా సైకిలు, పైకి కాలినడక. తోవ తెలిసిన ఊరివారిని తోడు తీసుకోకుండా ఎక్కరాదు.

నాలుగోది తూర్పున, నాసిక్ రోడ్డు వైపు, ఆసన్‌గావ్ దగ్గరి మాహులి. ఎత్తయిన కొండ, 2,800 అడుగులకు పైగా ఉంటుంది. 1636లో అహ్మద్‌నగర్ నిజాంషాహీని నిలబెట్టాలని చివరిదాకా పోరాడిన శహాజీ, ఈ కోటలోనే మొగలులకు లొంగిపోవలసి వచ్చింది. ఆయన కొడుకు శివాజీకి అప్పటికి ఆరేళ్లు. మాహులి ఎందుకు అంత ముఖ్యమైందో పైకి ఎక్కకపోయినా తెలుస్తుంది. కింద సైకిలు ఆపి చూస్తే నాసిక్ వైపు కనుమకు పోయే దారి అంతా ఆ కొండ చూపులోనే ఉంటుంది.

ఇప్పుడు మన తెలుగువారికి ముఖ్యమైన సంగతి ఒకటి. కల్యాణ్ రేవు పేరు క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే రేవుల పుస్తకంలో ఉంది. దక్కనులోని తగర అనే పట్టణం నుంచి నూలుబట్ట బండ్ల మీద సముద్రపు రేవుకు వచ్చేదని కూడా అదే పుస్తకం చెబుతుంది. ఆ తగర ఇప్పటి ధారాశివ్ జిల్లాలోని తేర్. తెలంగాణకు ఎంతో దూరం లేదు. కల్యాణ్ నుంచి జున్నర్ వైపు పోయే పాత దారి నాణేఘాట్ అనే కనుమ ఎక్కేది. అక్కడ కొండను తొలిచిన గుహలో శాతవాహన రాణి నాగానిక శాసనం ఉంది. రాజుల ప్రతిమల కింద చెక్కిన పేర్లలో మొదటిది సిముకునిది. అదే సిముకుని పేరుతో నాణేలు మన కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున దొరికాయి. కోటిలింగాల అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా.

అంటే రెండువేల ఏళ్ల కిందట ఒకే రాజు పేరు ఈ దారికి ఈ కొసనా ఉంది, ఆ కొసనా ఉంది. దాని మీద బట్ట నడిచింది, నేసినవారు నడిచారు, అమ్మినవారు నడిచారు. కరీంనగర్ నుంచి భివండికి వచ్చిన నేతగాడు ఎవరూ తొక్కని తోవ తొక్కలేదు. బట్ట పోయిన దారినే మనిషీ వచ్చాడు. ఇది ఇంట్లో పిల్లలకు చెప్పవలసిన మాట.

కోటల మధ్య సైకిలు ప్రయాణం వింత విషయమేమీ కాదు. ఫ్రాన్సులో లువార్ నది పొడవునా పాత రాజభవనాలను, కోటలను కలుపుతూ సుమారు 900 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. దేశదేశాల నుంచి వచ్చి అక్కడ తొక్కుతారు. మనకు దగ్గరగా, 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ముగ్గురు, అదీ హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుమ్ భూమ్‌గరా, యాత్ర పూర్తిచేసి 1928లో తిరిగి వచ్చారు. వారితో పోలిస్తే వజ్రేశ్వరి మనకు పెరటి గుమ్మం.

మామూలు సైకిలు దీనికి చాలునా అని కొందరు అడుగుతారు. చాలు. లెక్క చూద్దాం. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనకదానికి 18 పళ్లు ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్లకు పైగా పోతుంది. అంటే మనం ఒక చుట్టు తొక్కితే బండి ఐదు మీటర్లు దాటుతుంది. నిమిషానికి 40 చుట్లు నింపాదిగా తొక్కినా గంటకు సుమారు 13 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే ఎండ ముదిరేలోపు వజ్రేశ్వరి చేరి, టిఫిను కూడా చేయవచ్చు.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. సీటు ఎత్తు సరిచూసుకోవాలి. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు నిటారుగా సాగాలి. మోకాలు వంగి ఉంటే త్వరగా నొప్పెడుతుంది. టైర్లలో గాలి గట్టిగా ఉండాలి. రెండు బ్రేకులూ పనిచేయాలి. పంచరు సామాను, చిన్న పంపు, ఒక స్పానరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు దీపం తప్పనిసరి. తలకు హెల్మెట్ ఉంటే మంచిది. నీళ్లు దాహం వేయకముందే గుక్కెడు గుక్కెడుగా తాగాలి. రెండు అరటిపళ్లు, బెల్లం పల్లీలు వెంట ఉంటే చాలు.

సాంచా మీద పనిచేసేవారికి ప్రత్యేకంగా రెండు మాటలు. పన్నెండు గంటలు నిలబడి చేసే పనిలో కాళ్లు బరువెక్కుతాయి, పిక్కలు గుంజుతాయి. తొక్కడంలో పిక్కల కండరాలు ఆడతాయి కాబట్టి నెత్తురు పైకి నడవడానికి సాయపడుతుంది. ఊపిరికి దూది ధూళి లేని గాలి దొరుకుతుంది. అయితే ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఎడతెగని దగ్గు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. పత్తి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు మొదట్లో సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజునే ఎక్కువగా బాధిస్తుంది. దాన్ని అలసట అనుకుని వదిలేయకూడదు. రాత్రి షిఫ్టు చేసి నిద్రలేకుండా సైకిలెక్కడం మరీ ప్రమాదం. పడుకుని లేచాకే ప్రయాణం.

కాలం విషయానికి వస్తే, వానలు వెనుదిరిగిన అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మేలు. వానాకాలంలో మైదానం పచ్చగా కళ్లు చెదిరేలా ఉంటుంది గాని, గుంతల్లో నీరు నిలిచి లోతు తెలియదు. వీలైనంతవరకు పల్లె దారులనే పట్టాలి. లోనాడ్ వైపు పోతే మళ్ల మధ్య దారి, ఒక బౌద్ధ గుహ, శిలాహారుల కాలపు శివాలయం కనిపిస్తాయి. కొత్తగా తొక్కేవారికి ఇది మంచి సాధన.

ఇక చివరి సంగతి, అన్నిటికన్నా బరువైనది. ఈ నిశ్శబ్దపు దారులు ఏటేటా తగ్గిపోతున్నాయి. భివండి చుట్టూ వరిమళ్లలో గోదాములు లేచాయి. కారణం మళ్లీ ఆ పాతదే, సరుకు బండి మారే చోటు ఇది. 1989లో ప్రారంభమైన నవీ ముంబయి వైపు నెహ్రూ రేవు ఒక పక్క, నాసిక్, గుజరాత్ రోడ్లు ఇంకో పక్క. ముంబయి ఆక్ట్రాయి హద్దుకు బయట ఉండటం వల్ల వ్యాపారులు సరుకును ఇక్కడ దింపుకునేవారు. 2017లో జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయి పోయినా గోదాములు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. నాగపూర్ నుంచి వచ్చే 701 కిలోమీటర్ల సమృద్ధి మహామార్గం 2025 జూన్‌లో పూర్తయి భివండి తాలూకాలోని ఆమనే దగ్గరే ముగిసింది. దాని మీద సైకిలుకు చోటు లేదు. వసై పోయే చించోటి రోడ్డు మీద కూడా లారీలు ఎక్కువ. తెల్లవారకముందు, సెలవురోజున మాత్రమే, అంచు పట్టుకుని, ఒకరి వెనక ఒకరుగా పోవాలి.

కోటల సంగతీ అంతే. 2025 జులైలో యునెస్కో మరాఠాల కోటలు 12 ఎంచి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో వసై లేదు, మాహులి లేదు, దుర్గాడీ లేదు. వసై కోట భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చిన్న కోటలకు మాత్రం వచ్చి చూసే మనుషులే దిక్కు. ఎవరూ చూడని గోడ రాయి ముందు ఊడుతుంది, తర్వాత ఎవరి ఇంటి పునాదిలోనో చేరుతుంది. అందుకని వెళ్లినవారు గోడల మీద పేర్లు గీయకుండా, ప్లాస్టిక్ వదలకుండా రావాలి. గుడి, చర్చి, ఈద్గా ఏదైనా అక్కడివారికి నిత్యపూజా స్థలమని గుర్తుంచుకోవాలి.

భివండిలో సైకిలు లేని గల్లీ లేదు. పనికి పోవడానికి కొన్న సైకిలే మనం ఉంటున్న నేలను చూపించగలదు. నలుగురు కలిసి, స్కూలుకు పోయే పెద్దపిల్లలను వెంటబెట్టుకుని, మొదట దుర్గాడీ దాకా పోయి రండి. ఖాడీలో పోటు ఎప్పుడు వస్తుందో అక్కడి కోలీ జాలరులను అడగండి. మాటలు కలుస్తాయి. ఊరి చుట్టూ ఏ దారి ఎక్కడికి పోతుందో చెప్పగలిగినవాడిని ఆ ఊళ్లో ఎవరూ పరాయివాడు అనలేరు.